నన్ను కూడా నమ్మకండి

ఊటబావి నుంచి రెండో డబ్బా మోసుకొచ్చి వంటగది గట్టు మీద పెట్టేసరికి, "మూత సరిగ్గా పెట్టు, దుమ్ము పడుతుంది" అన్నాడు భర్త, ఫోన్లోంచి తలెత్తకుండానే. ఆమె మూత పెట్టింది. ఇరవై లీటర్ల డబ్బా, నలభై రెండు మెట్లు. కుళాయి మాత్రం చేతికందే దూరంలోనే ఉంది. ఆయన దాని మెడకి గుడ్డ చుట్టి ముడేసి ఐదు నెలలైంది.

కుళాయి నీళ్ళలో ఏదో మందు కలుపుతున్నారనీ, దాంతో జనం మొద్దుబారి చెప్పినట్టు వింటారనీ ఎవరో పంపిన వీడియోతో మొదలైంది ఇదంతా. ఆయన బీమా ఆఫీసులో గుమాస్తా. అక్కడ ఆయన మాటకి పెద్ద విలువ లేదు. వీధివాళ్ళ వాట్సాప్ గ్రూపులో మాత్రం రోజుకో ఉపన్యాసం పెట్టేవాడు, జనం చేతులు జోడించిన బొమ్మలు పెట్టేవాళ్ళు. చూస్తుండగానే ఇరవై ఇళ్ళు కుళాయిలు కట్టేసి ఊటబావి దారి పట్టాయి.

తమాషా ఏమిటంటే, ఆ కుళాయి నీళ్ళని రోజూ పరీక్ష చేసేది ఆమే. నీటి సరఫరా వాళ్ళ ల్యాబులో పదకొండేళ్ళుగా టెక్నీషియను. ఇంట్లో ఆ ఉద్యోగానికి పేరు సీసాలు కడగడం. ఎవరైనా అడిగితే "ఆఁ, సీసాలు కడుగుతుంది" అని నవ్వేవాడాయన. అత్తగారిది కాస్త జాలి. పైవాళ్ళు ఏం రాయమంటే అది రాసే పిల్ల, దానికేం తెలుసు పాపం, అనేది. పదేళ్ళ కూతురు స్కూల్లో 'మా అమ్మ' అని వ్యాసం రాయమంటే, మా అమ్మ సీసాలు కడుగుతుంది అనే రాసింది. ఆ కాగితం చదివి ఆమె మడిచి తన సంచిలో దాచుకుంది.

అయినా ఆయన మాటని ఆమె కొట్టిపారేయలేదు. ఎవరి మాటైనా సరే, ముందు పరీక్షించి చూడాలన్నదే ఆమె నేర్చుకున్న పని. తమ కుళాయి నీళ్ళే తీసుకెళ్ళి ల్యాబులో ఉన్న పరీక్షలన్నీ చేసింది. క్రిములు చావడానికి వేసే క్లోరిన్ తప్ప మరేమీ కనిపించలేదు, అదీ ఉండాల్సినంతే. కాగితం తెచ్చి చూపిస్తే ఆయన చేత్తో తీసుకోలేదు కూడా.

"కలిపేవాడు కలిపానని రాస్తాడా?"

"పోనీ, ఏం చూపిస్తే మీరు పొరబడ్డానని ఒప్పుకుంటారు?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "ఏం చూపించినా ఒప్పుకోను. నాకు నిజం తెలుసు కాబట్టి."

అదేదో ఘనతలా చెప్పాడాయన. తనకి సరిగ్గా చెప్పడం రావడం లేదేమో, గొంతు పెంచకూడదేమో, ఆయన తిన్నాక చెప్పాల్సిందేమో అని ఇన్నాళ్ళూ తననే తప్పుపట్టుకుంది ఆమె. ఆయన మనసు తలుపుకి అసలు గొళ్ళెమే లోపలివైపు ఉందని ఆ రోజు అర్థమైంది. వాదించడం మానేసింది. మోయడం మాత్రం మానలేదు. తనూ కూతురూ తాగే నీళ్ళు చాటుగా కాచి చల్లార్చి పెట్టుకునేది. ఇంట్లో గొడవ లేకుండా గడిచిపోతే చాలనుకుంది.

అలా ఉండగా పక్కింటి ఎనిమిది నెలల పాపకి విరేచనాలు పట్టుకున్నాయి. మూడో రోజుకి కళ్ళు లోపలికి పోయాయి. ఆసుపత్రిలో ఆ చిన్న చేతికి సెలైన్ పెట్టి, చేతిని అట్టముక్కకి కట్టారు. ఊటబావి నీళ్ళతోనే పాలు కలిపానంది తల్లి. "మంచి నీళ్ళని అన్నయ్యగారు చెప్పారు కదక్కా" అంది. ఆ మాటలో నింద లేదు. అందుకే ఆమె తలెత్తలేకపోయింది.

ఆ ఆదివారం పొద్దున వీధివాళ్ళంతా కింద హాల్లో కూడారు. మిగతా ఇళ్ళ చేత కూడా కుళాయిలు మాన్పించాలని భర్త పెట్టిన మీటింగు. నలభై మందికి టీ చెయ్యమన్నాడు. ఆమె పొయ్యి వెలిగించలేదు. ల్యాబు నుంచి తెచ్చిన ఆరు సీసాలు పట్టుకుని కిందికి దిగింది.

"వీటిల్లో పరీక్ష మందు పట్టించిన కాగితం ఉంది. నీళ్ళలో మలం తాలూకు క్రిములుంటే రెండు రోజుల్లో నల్లబడతాయి. మూడు సీసాల్లో కుళాయి నీళ్ళు, మూడు సీసాల్లో ఊటబావి నీళ్ళు మీరే పోయండి. సీసాల మీద నంబర్లున్నాయి, ఏ నంబరులో ఏది పోశారో రాసి మీ దగ్గరే దాచుకోండి. నేను బయట నిలబడతాను. నన్ను కూడా నమ్మకండి."

భర్త నవ్వబోయాడు. "టీ ఏది?"

ఆమె ఆయన వైపు చూడలేదు. "కుళాయి సీసా నల్లబడితే, పొరబడ్డానని మీ అందరి ముందూ ఒప్పుకుంటాను" అంది.

మరి ఆ మొద్దుబార్చే మందు సంగతేమిటని వీధిలో ఉండే మెకానిక్ అడిగాడు. దానికీ పరీక్షలున్నాయి, ల్యాబుకొచ్చి పక్కన నిలబడి చూసుకోమంది. ఆమె బయటికెళ్ళాక వాళ్ళే నీళ్ళు పోశారు. వీధి చివరి టైలరమ్మ సీసాల్ని గుడ్డసంచిలో వేసి మూతి కుట్టేసింది. నంబర్ల కాగితం తన పర్సులో పెట్టుకుంది.

మంగళవారం సాయంత్రం టైలరమ్మ కొట్టు ముందు, అందరూ చూస్తుండగా కుట్టు కత్తిరించారు. మూడు సీసాలు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. మూడు మసిలా నల్లబడ్డాయి. టైలరమ్మ కళ్ళజోడు పెట్టుకుని నంబర్లు చదివింది. రెండు, ఊటబావి. మూడు, ఊటబావి. ఆరు, ఊటబావి. తర్వాత మెకానిక్ భార్య చేతిలోని డబ్బా కాలువలోకి వంచేసింది.

అందరూ మారలేదు. సీసాలే మార్చేశారన్నారు నలుగురు, వాళ్ళలో భర్త ఒకడు. ఇంటికొచ్చాక, నలుగురిలో పరువు తీశావన్నాడు, ఇంత చేసినా నమ్మనన్నాడు. ఆమె కుళాయికున్న గుడ్డ విప్పి పక్కన పడేసింది. అత్తగారు ఆ గుడ్డ తీసి మసిగుడ్డల్లో వేసింది. "నలుపు నిజంగా దానంతటదే వచ్చిందా అమ్మా?" అని కూతురు అడిగితే, రేపు నువ్వే చేసి చూద్దువుగానీ అంది.

ఆమెకి ఇంకో పని మిగిలింది. పక్కింటికి వెళ్ళింది. పాప ఇంటికొచ్చి రెండు రోజులైంది, తల్లి ఒళ్ళో నిద్రపోతోంది. ఆ తల్లి కృతజ్ఞతగా ఏదో చెప్పబోతుంటే ఆపింది.

"నాకు ఆ నీళ్ళ మీద ముందే అనుమానం. నా కూతురికి కాచి ఇచ్చాను. నీకు చెప్పలేదు."

ఆ తల్లి పాపని దగ్గరికి పొదువుకుంది. "ఎందుకు చెప్పలేదక్కా?"

"ఇంట్లో గొడవవుతుందని" అంది. మళ్ళీ తనే, "ఇక మీదట అయితే అవనీ" అంది.