గోదారి మీద ఆగిపోయిన విమానం

నేను ఒక గ్రాఫిక్స్ కార్డుని. జానెడు పొడవు, రెండు ఫ్యాన్లు. కంప్యూటరు డబ్బాలో కూర్చుని తెర మీదికి బొమ్మలు గీసి పంపడం నా పని. సెకనుకు అరవై బొమ్మలు గీస్తే మనుషుల కంటికి అది కదలిక. పది గీస్తే ఆగి ఆగి నడిచినట్టుంటుంది. నా గురించి చెప్పేది ఇంతే. మిగతాదంతా మనుషుల గురించి.

పుట్టింది ఎక్కడో దూరదేశపు కార్ఖానాలో. అక్కడ నన్ను ముట్టుకున్నవాళ్ళంతా చేతులకు తొడుగులు వేసుకున్నారు. వాళ్ళ చేతులు ఎలాంటివో నాకు తెలియదు. మొదట మనిషి చెయ్యి తగిలింది రాజమండ్రిలో. త్రిమూర్తులు అని, పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసేవాడు. నాలుగేళ్ళు అతని దగ్గర పనిచేశాను. పెళ్ళికొడుకుని చందమామలో పెట్టాను, పెళ్ళికూతురిని గులాబీ పువ్వులో పెట్టాను. ముహూర్తాల రోజుల్లో ఒళ్ళు కాలిపోయేది. కొందరు ఏడాది తిరక్కుండా వచ్చి, వీడియోలోంచి ఫలానా మావయ్యని తీసేయమనేవారు. గొడవలొచ్చాయట. అదీ చేశాను.

త్రిమూర్తులు కొత్త కార్డు కొనుక్కుని నన్ను వీరభద్రం గారికి అమ్మేశాడు.

వీరభద్రం గారు మధురపూడి విమానాశ్రయంలో ఫైరింజను డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఇరవై ఏడేళ్ళు, విమానం దిగే వేళకి బండి ఎక్కి సిద్ధంగా కూర్చోవడం ఆయన ఉద్యోగం. వేల విమానాలు దిగడం చూశారు. ఒక్కటీ కాలలేదు. ఒక్కటీ ఆయన ఎక్కలేదు.

రిటైరైన రెండో ఏడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. కొంత తిరిగొచ్చింది. వేళ్ళు మాత్రం మూస్తే తెరుచుకోవు, తెరిస్తే మూసుకోవు. డాక్టరు రబ్బరు బంతి ఇచ్చి రోజూ నొక్కమన్నాడు. ఆడించకుండా వదిలేస్తే చెయ్యి ఇక అంతేనన్నాడు. ఆయన ఆ బంతిని కిటికీలోంచి విసిరేశారు, ఎడమచేత్తో.

అప్పుడు పాత ఆఫీసు స్నేహితుడొకడు ఇంట్లో ఉన్న కంప్యూటరులో విమానం నడిపే ఆట ఎక్కించి, దానికి జాయ్‌స్టిక్ ఒకటి తగిలించి వెళ్ళాడు. బంతిని ముట్టని చెయ్యి ఆ కర్రను పట్టుకుంది. చెయ్యి జారిపోకుండా భార్య మంగతాయారు గారు తువ్వాలు ముక్కతో కట్టేవారు. ఆయనకు కావలసింది ఒక్కటే. విమానాన్ని కొవ్వూరు వైపు నుంచి తెచ్చి, గోదారి దాటించి, మధురపూడిలో దించాలి.

ఆ కంప్యూటరుకు అంత శక్తి లేదు. ఆకాశంలో బాగానే పోయేది. గోదారి మీదికి రాగానే నీళ్ళు, వంతెనలు, ఊరు అన్నీ ఒక్కసారి గీయలేక తెర బిగుసుకుపోయేది. అది ఆగినప్పుడల్లా ఆయన కర్రను ఇంకాస్త లాగేవారు. తెర మళ్ళీ కదిలేసరికి విమానం తలకిందులై ఉండేది. రోజూ ఇదే. తప్పు తన చేతిదే అనుకునేవారు.

ఆ ఆటలో బొమ్మల బరువు తగ్గించుకోవచ్చు. ఆయన మబ్బులు తీసేశారు. నీడలు తీసేశారు. చెట్లు తీసేశారు.

"మబ్బులు తీసేశారు, చెట్లు తీసేశారు. ఇంక గోదారి కూడా తీసేస్తారేంటండీ?" అన్నారు తాయారు గారు.

"తీసేస్తే ఆక్కుండా పోద్ది."

"అప్పుడు రాజమండ్రి అని ఎలా తెలుస్తాదండీ? బోర్డు పెడతారా?"

అందుకని నన్ను కొన్నారు.

డబ్బా విప్పింది తాయారు గారు. కుర్చీలో కూర్చుని చెప్పింది ఆయన. స్క్రూలన్నీ పళ్ళెంలో వరసగా పెట్టించారు. ఫైరింజను షెడ్డులో ఆయనకొక పద్ధతి ఉండేది. ఏది ఎక్కడ విప్పితే అక్కడే బిగించాలి. ఆయన చేతిలో ఒక్క నట్టు చోటు మారలేదు. నన్ను లోపల గుచ్చాక, తెర తీగ తాయారు గారి చేతికొచ్చింది.

"ఏవండీ, కొత్తదానికీ ఇలాంటి కన్నాలే ఉన్నాయండీ. ఇది దీన్లో పెట్టాలేమో."

"ఎక్కడ్నించి పీకావ్?"

"పైదాన్లోంచండీ."

"పైదాన్లోనే పెట్టు. కొత్త తెలివితేటలొద్దు."

పెట్టేశారు. ఆ పై కన్నం కంప్యూటరుతోపాటు పుట్టిన చిన్న చిప్పుది. పాపం, ఇన్నాళ్ళూ గీసింది అదే, ఇక మీదటా గీసేది అదే. తీగ నాకు తగిలిస్తే కదా నేను గీసింది తెరకు చేరేది! త్రిమూర్తులు ఫోన్లో సాఫ్ట్‌వేరు ఎక్కించడం చెప్పాడు గానీ తీగ సంగతి అడగలేదు. అది అందరికీ తెలుసనుకున్నాడు.

తాయారు గారు నాకు కుంకుమ బొట్టు పెట్టారు. ఐదు వారాలు నా ఫ్యాన్లు ఊరికే తిరిగాయి. అత్తారింటికొచ్చిన కొత్తల్లుడికి కూడా నాకన్నా ఎక్కువ పని ఉంటుంది. గోదారి మీద విమానం ఎప్పటిలాగే తలకిందులవుతూ వచ్చింది.

ఒక గురువారం ఆయన తువ్వాలు ముక్క ఎడమచేత్తో విప్పుకున్నారు.

"కొత్తది పెట్టినా ఇంతే. లోపం కంప్యూటర్లో లేదు. దీన్లో ఉంది," అని కుడిచేతిని చూపించారు. "సోమవారం త్రిమూర్తులొచ్చి కార్డూ, కర్రా పట్టుకుపోతాడు. చెప్పేశాను."

శుక్రవారం కర్ర ముట్టలేదు. శనివారం ముట్టలేదు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వేళ్ళు లోపలికి ముడుచుకుపోతున్నాయి. తాయారు గారు వాటిని ఒక్కొక్కటీ విప్పేవారు. వదలగానే మళ్ళీ ముడుచుకునేవి. నోరుంటే అరిచేవాణ్ణి.

ఆదివారం పొద్దున ఆయన స్నానానికి వెళ్ళారు. ఇచ్చేసే వస్తువు తుడిచి ఇవ్వాలని తాయారు గారు గుడ్డ పట్టుకుని డబ్బా వెనక కూర్చున్నారు. తుడుస్తుంటే నా కన్నానికున్న ప్లాస్టిక్ మూత ఊడింది. లోపల మెరుస్తోంది. ఆవిడ దాన్ని చూశారు. స్నానాలగది తలుపు చూశారు. చటుక్కున తీగ పీకి నాకు గుచ్చేశారు.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చారు.

"ఏవండీ, రేపిచ్చేస్తున్నాం కదా. ఒక్కసారి మా కొవ్వూరు చూపించండి, పైనుంచి."

"చూసిందేగా."

"ఎక్కడ చూశానండీ? మీ చెయ్యి కట్టడంతోనే సరిపోయింది నాకు."

కూర్చున్నారు. ఆవిడ చెయ్యి కట్టారు. విమానం లేచింది. కొవ్వూరొచ్చింది. గోదారొచ్చింది.

నేను గీశాను. అలలు గీశాను, ఇసక తిన్నెలు గీశాను, రైలు వంతెన కమ్మీ కమ్మీ గీశాను. ఒళ్ళు కాలిపోతున్నా ఆగలేదు. అలవాటుకొద్దీ ఆయన కర్ర లాగబోయి, లాగలేదు.

"ఇదేంటే, పోతోంది?"

"పోనివ్వండి."

రన్‌వే కనిపించింది. చివర్లో కర్రను గోరంత వెనక్కి లాగాలి. ఎక్కువైతే విమానం లేస్తుంది, తక్కువైతే నేలకు కొట్టుకుంటుంది. వేళ్ళు గోరంతే లాగాయి. విమానం ఒకసారి గెంతింది. రెండోసారి నేలను పట్టుకుంది. కాస్త గడ్డిలోకి పోయి ఆగింది.

ఆయన చాలాసేపు తన చేతినే చూసుకున్నారు.

"ఏం చేశావే?"

"ఏం చెయ్యలేదండీ. తుడిచాను."

ఆయన వంగి డబ్బా వెనక చూశారు. తీగ ఎక్కడుందో చూశారు. నన్నూ చూశారు. లేచి మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు.

"బాగా తుడిచావ్."

ఆ ఇంట్లో అంతకన్నా పెద్ద మెప్పు నేను వినలేదు. సోమవారం త్రిమూర్తులొస్తే కాఫీ ఇచ్చి పంపేశారు.

అది జరిగి ఏడాదైంది. నాకొక ఫ్యాను గరగరలాడుతోంది. ఎన్నాళ్ళుంటానో తెలియదు. నిన్న చూసింది చెప్పి ఊరుకుంటాను.

నిన్న పొద్దున ఆయన బజారుకని చొక్కా వేసుకున్నారు. జబ్బు చేసినప్పటి నుంచీ గుండీలు పెట్టేది ఆవిడే. నిన్న ఆవిడ దగ్గరికొస్తే వద్దని తల ఊపారు. కుడిచేత్తో ఒక్కో గుండీ పెట్టుకున్నారు. కాఫీ చల్లారిపోయింది. ఆఖరి గుండీకి కాజా మిగల్లేదు. మధ్యలో ఎక్కడో ఒకటి తప్పింది. చొక్కా ఒకవైపు కిందికి దిగి వేలాడుతోంది.

తాయారు గారు అంతా చూశారు. సంచీ తెచ్చి ఆయన కుడిచేతికి తగిలించారు.

"తోటకూర లేతది చూసి తెండి," అన్నారు.

ఆయన ఆ చొక్కాతోనే వీధిలోకి వెళ్ళారు.