ముందు తాళం, తర్వాత మాట

ఇద్దరిలో ఒక్కరినే ఉంచుతారన్న సంగతి ఖాతూన్‌కు ముందే తెలుసు. భావ్యకు తెలియదు.

గోదావరిఖనిలో వాళ్ళ ఆఫీసు మేడ మీద రెండు గదులు. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో మట్టి తవ్వి తరలించే కాంట్రాక్టు సేటుది. ఆ పనిలో ఉన్న డ్రైవర్లు, ఆపరేటర్లు, హెల్పర్ల హాజరు, జీతం, బ్యాంకు వివరాలు, దవాఖాన కాగితాలు అన్నీ ఒక్క డేటాబేస్‌లో ఉంటాయి. దాన్ని చూసుకునే అడ్మిన్లు ఈ ఇద్దరే. ఖాతూన్ ఆఫీసు తెరిచిననాటి నుంచి ఉన్న మనిషి. టైపిస్టుగా చేరి, కంప్యూటర్ వచ్చాక కంప్యూటర్ నేర్చి, జుట్టు తెల్లబడేదాకా అదే కుర్చీలో ఉంది. భావ్య బసంత్‌నగర్ నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల. ఆమెకు పని నేర్పింది ఖాతూనే.

శిక్షణ రేపనగా సేటు ఖాతూన్‌ను లోపలికి పిలిచాడు.

“పట్నంకెల్లి ఒక సారు వస్తుండు. డేటాబేస్‌కు సెక్యూరిటీ ఎట్ల కట్టాల్నో మీ ఇద్దరికి నేర్పుతడు. తాళాలు ఎవలి చేతుల ఉండాల్నో ఆఖరుకు ఆయనే చెప్తడు. ఒక్కరే ఉంటరు. రెండోవాళ్ళు ఇంటికే. ఆ పిల్లతోని అనకు.”

“మరి నాకెందుకు చెప్తున్రు సేటూ?”

“పాతదానివి గదా.”

ఆ మాట దయతో అన్నాడో, బెదిరింపుగా అన్నాడో ఖాతూన్‌కు అంతుపట్టలేదు.

సాయంత్రం ఎప్పటిలాగే భావ్యను బస్సెక్కించడానికి వెళ్ళింది. ఎవరిని సాగనంపినా కనుమరుగయ్యేదాకా నిలబడడం ఆమెకు అలవాటు. చిన్నప్పుడు అన్న ఒకడు వెనక్కి చూడకుండా పోయి మళ్ళీ రాలేదు. అప్పటి నుంచి పోయేవాళ్ళ వీపు చూస్తే ఆమెకు భయం. చెబుదామా అని నోటిదాకా వచ్చింది. కిటికీలోంచి భావ్య తల బయటపెట్టి, “అక్కా, బావకు మందు మర్వకు!” అని అరిచింది. ఖాతూన్ భర్త మహమూద్‌కు బొగ్గుబాయి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ఏళ్ళయింది. బస్సు కదిలిపోయింది. రేపు చెబుదాంలే అనుకుంది ఖాతూన్. పొద్దంతా ఇంట్లో కూర్చుని ఆ దగ్గు వినడం ఎలా ఉంటుందో తలచుకుంటూ ఇంటికి నడిచింది. ఇల్లు దగ్గరపడేసరికి, చెప్పకపోతే ఏమైందిలే అనిపించింది.

పట్నం నుంచి వచ్చిన త్రివిక్రమ్ సారు చొక్కా మడత నలగని మనిషి. గొంతు పెంచడు. నవ్వడు.

“తాళం ఇవ్వడం ఎవరికైనా వస్తుంది. తీసుకోవడం రావాలి,” అని పాఠం మొదలుపెట్టాడు. ఎవరి పనికి ఎంత కావాలో అంతే చూడనివ్వాలి. హాజరు ఎక్కించేవాళ్ళ చెయ్యి జీతం మీద పడకూడదు. జీతం మార్చగలిగినవాళ్ళకు ఆ మార్పు ఆనవాలు చెరిపే వీలుండకూడదు.

“గంతే గద సార్! అత్త చేతిల ఉప్పుబుడ్డి, కోడలి చేతిల గంటె. ఇద్దరు కలుస్తెనే కూర,” అంది భావ్య.

ఖాతూన్ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన నవ్వలేదు.

“ఇద్దరూ నిజంగా కలిసిపోతే విషం కలపొచ్చు. అందుకే వాళ్ళకు పడకపోవడమే ఇంటికి మంచిది. సరే, ఒక మనిషిని ఉద్యోగంలోంచి తీసేస్తున్నారు. ముందు ఏం చేస్తారు?”

“పిలిచి చెప్పాలె సార్. కూసుండవెట్టి ఇన్ని చాయ్ నీళ్ళన్న తాపాలె.”

“తప్పు. ముందు తాళం, తర్వాత మాట. మీరు చాయ్ పోసే లోపల ఆమె డేటా మొత్తం చెరిపేసి పోతుంది.”

“గదేంది సార్! మా దిక్కు డ్యూటీ దిగిపోతుంటె దండలేసి డప్పులతోని ఇంటిదాక తోల్కపోతరు. మా మామనైతె జీపుల నిలవెట్టి ఊరేగిచ్చిన్రు. మీరేందో దొంగను వెళ్ళగొట్టినట్టు చెప్తున్రు.”

“దొంగకు పోలీసులొస్తారన్న అనుమానమైనా ఉంటుంది. వీళ్ళకు అదీ ఉండకూడదు.”

భావ్య ఖాతూన్ వైపు తిరిగి కళ్ళు పెద్దవి చేసింది. ఖాతూన్ తల వంచుకుని పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టింది.

మర్నాడు ఒక్కొక్కరినే లోపలి గదిలోకి పిలిచాడు. మొదట భావ్య వెళ్ళింది. బయటికొచ్చి, “ఏం లేదక్కా, ఉత్తదే. ఏవో అడుగుతడు,” అంది.

ఖాతూన్ వెళ్ళి కూర్చుంది.

“ఈ ఆఫీసులో ఒకరి పాస్‌వర్డ్ ఇంకొకరికి తెలుసా మేడమ్?”

తెలుసు. ఇద్దరివీ ఇద్దరికీ తెలుసు. భావ్య కొడుక్కి జ్వరం వచ్చి దవాఖానకు పరుగెత్తిన రోజు, జీతాల పని ఆగకూడదని ఫోన్లో తన పాస్‌వర్డ్ చెప్పింది. మహమూద్‌కు ఊపిరాడని రోజున ఖాతూన్ కూడా అలాగే చెప్పింది. బాయిలో జోడీగా దిగినవాళ్ళు ఒకరికి నడుం పట్టేస్తే ఇంకొకరు ఆ తట్ట కూడా నింపేవాళ్ళని మహమూద్ చెబుతుండేవాడు. ఈ ఊళ్ళో పనంటే అదే. పాస్‌వర్డ్ దాచుకోవడమే ఇక్కడ తప్పనిపించేది.

ఇప్పుడు అదే అడుగుతున్నాడు. భావ్య నోట్లో నువ్వుగింజ నానదు. ఈపాటికి చెప్పేసే ఉంటుంది. తానిప్పుడు లేదంటే అబద్ధం బయటపడుతుంది.

“భావ్యది నాకు తెలుసు సార్. ఆమెనే చెప్పింది.”

“మీది ఆమెకు?”

“తెల్వది.”

త్రివిక్రమ్ అది రాసుకున్నాడు. “ఆమె మాత్రం ఎవరిదీ ఎవరికీ తెలియదంది. ఖాతూనక్క పానం పోయినా పాస్‌వర్డ్ చెప్పదు అని మీ తరఫున ఒట్టు కూడా వేసింది. అంటే ఆమెవి రెండు తప్పులు. పంచుకోవడం ఒకటి, అబద్ధం రెండోది.”

భావ్య తన కోసం అబద్ధమాడింది. ఇప్పుడైనా చెప్పొచ్చు, నాది కూడా ఆమెకు తెలుసు సార్ అని. నోరు తెరిచింది. అంతలో ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు పేలి కిటికీ అద్దాలు గడగడలాడాయి. ఆయన బల్ల మీది గ్లాసును పట్టుకున్నాడు. అద్దాల చప్పుడు ఆగేసరికి ఖాతూన్ నోరు మూసుకుంది.

“రేపు మీకు పరీక్ష. ఆమె చేతిలోని తాళాలు మీరే లాగెయ్యాలి,” అన్నాడు.

పరీక్ష మధ్యాహ్నం తిండి వేళకు పెట్టాడు. పక్క గదిలో భావ్య డబ్బా విప్పి, “అక్కా, రా! చింతచిగురు పప్పు తెచ్చిన, సల్లారిపోతది,” అని పిలిచింది.

“నువ్వు తిను బిడ్డా. సారు పని చెప్పిండు.”

“సారుకు ఆకలి గూడ పాస్‌వర్డ్ కొడితెనే అయితదేమో!”

ఖాతూన్ ముందు భావ్య అకౌంట్ మూసింది. తర్వాత ఇంటి నుంచి లాగినయ్యే దారి మూసింది. తర్వాత బ్యాకప్ కాపీల మీద ఆమెకున్న హక్కు తీసేసింది. తడబడతాననుకుంది. తడబడలేదు. ఎంత చక్కగా చేస్తున్నానో అని లోపల ఒక మూల మెచ్చుకోలు కూడా కలిగింది. వెనక నిలబడ్డ త్రివిక్రమ్, “బాగుంది,” అన్నాడు.

భావ్య చేతులు తుడుచుకుంటూ వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

“అక్కా, నా పాస్‌వర్డ్ తీసుకుంటలేదేంది?”

“మల్ల కొట్టు.”

“కొట్టిన. అయితలేదు. సారు పాఠాలిని ఇని నాది నేనే మర్సిన్నా ఏంది?” నవ్వుతూ మళ్ళీ కొట్టింది. తర్వాత కుర్చీ జరుపుకుని ఖాతూన్ చెవి దగ్గరకు వంగింది. “నీకెరుకే గదక్కా, జర చెప్పు, ఏం వెట్టిన్నో.”

“నీది నాకెట్ల తెలుస్తది?” అంది ఖాతూన్, త్రివిక్రమ్‌కు వినబడేలా.

భావ్య సారు వైపు చూసి, ఖాతూన్‌కు కన్ను కొట్టింది. “ఔ మల్ల, నీకెట్ల తెలుస్తది!” అని గట్టిగా అంది. అక్క సారు ముందు నాటకమాడుతోందనుకుంది.

అప్పుడే వాచ్‌మన్ ఎల్లేశం గుమ్మంలోకొచ్చి నేల చూపులు చూస్తూ, “భావ్యమ్మా, సంచి తీసుకొని కిందికి రావాల్నట,” అన్నాడు.

“ఎందుకు కాకా?”

త్రివిక్రమ్ చెప్పాడు. “మీ ఉద్యోగం అయిపోయింది. పాస్‌వర్డ్ చెప్పుకున్నారు. అడిగితే లేదన్నారు.”

భావ్య మొహంలో నవ్వు వెంటనే పోలేదు. కాసేపు అలాగే ఉండి, తర్వాత కొంచెం కొంచెంగా ఆరిపోయింది. మెల్లగా ఖాతూన్ వైపు తిరిగింది.

“గీ ముచ్చట నాకు, నీకే ఎరుక గదక్కా.”

ఖాతూన్ తెర వైపే చూస్తూ ఉంది.

“పోయేముందు ఒక్కటి చెప్పండి. ఈమె పాస్‌వర్డ్ మీకు తెలుసా?” అన్నాడు త్రివిక్రమ్.

ఒక్క మాట చాలు. ఆ పిల్ల ఆ మాట అంటే తాను కూడా సంచి సర్దుకోవాల్సిందే.

భావ్య ఖాతూన్ వైపు చూసింది. “తెల్వది సార్,” అంది. సంచి భుజాన వేసుకుంది. “నువ్వు పైలం,” అని మెట్ల వైపు నడిచింది. ఈసారి అక్కా అనలేదు. వెనక్కి తిరిగి చూడలేదు.

ఖాతూన్ అలవాటుగా లేచి కిటికీ వైపు రెండడుగులు వేసింది.

“కూర్చోండి మేడమ్. మనిషి పోయింది, కానీ ఆమెకు తెలిసినవి ఆమె తలలోనే ఉన్నాయి. అవన్నీ మార్చెయ్యండి.”

ఖాతూన్ కూర్చుంది. కింద గేటు చప్పుడైంది. భావ్యకు తెలిసినవేమిటి? సర్వర్‌ది తెలుసు, బ్యాకప్‌ది తెలుసు, అన్నిటికన్నా ముందు తనది తెలుసు. బస్‌స్టాండ్ చేరేలోపల ఆ పిల్లకు కోపం వస్తే? ఫోన్లోంచే లోపలికి వస్తే? వేళ్ళు వాటంతట అవే పరుగెత్తాయి. అన్నిటికన్నా ముందు తన పాస్‌వర్డ్ మార్చేసింది.

“మీదెందుకు మార్చారు?” అన్నాడు త్రివిక్రమ్ మెత్తగా. “ఆమెకు తెలియదన్నారుగా.”

అలవాటుగా మార్చానని చెప్పాలనుకుంది ఖాతూన్. మౌస్ మీంచి చెయ్యి తీసేసింది.

ఆయన కోప్పడలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆమె పక్కకు కుర్చీ లాక్కుని, కీబోర్డు తన వైపు కొద్దిగా జరుపుకున్నాడు.

“మీరింకా తినలేదు కదా మేడమ్. వెళ్ళి తిని రండి.”

“ఆకలి లేదు సార్,” అంది ఖాతూన్.

“పర్లేదు, వెళ్ళండి.”

ఆమె కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని అలాగే కూర్చుంది.