పిల్లల వార్డు గుమ్మంలో

నేను ఒక తూకం మిషన్‌ని. జగిత్యాలలో ఒక ఆసుపత్రి పిల్లల వార్డు గుమ్మంలో ఇరవై రెండేళ్లు నిలబడ్డాను. ఇనుము పోతపోసి, తెల్లరంగు పూసి, పైన జారే గుండు అమర్చి నన్ను పంపారు. వార్డులో చేరే ప్రతి బిడ్డా ముందు నామీద ఎక్కాల్సిందే. బరువు తెలియనిదే మందు మోతాదు తేలదు. అయినా పెద్దవాళ్లకు నా మాట మీద గురి తక్కువ. "ఇంట్ల మస్తు తింటడు, మీ మిషినే ఖరాబైంది" అని నన్ను తిట్టిన తల్లులు ఎందరో!

హారిక మొదటిసారి ఎక్కినప్పుడు దానికి పద్నాలుగేళ్లు, ముప్పై తొమ్మిది కిలోలు. హాస్టల్లో ఉండి చదువుకునేది. తల్లి రాజవ్వ బీడీలు చుట్టేది. ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని షుగర్ జబ్బని తేల్చి, రోజూ సూది వేసుకోవడం నేర్పి పంపారు. మూడు నెలలకే వాంతులతో, ఆయాసంతో మళ్లీ వచ్చింది. ముప్పై ఏడు. ఆ తర్వాత ముప్పై ఐదు. నాలుగోసారి స్ట్రెచర్ మీదే లోపలికి వెళ్లింది. మూడోనాడు నిలబడగలిగాక తూచారు. ముప్పై మూడు.

నర్సు ఎస్తేరమ్మ ఆ అంకెను చాలాసేపు చూసింది. రాజవ్వను టీ తెచ్చుకొమ్మని పంపేసి, మెల్లగా అడిగింది.

"సూది ఏసుకుంటలేవు గదా?"

హారిక తలెత్తలేదు. "సూది ఏసుకునుడు చూసినప్పటి సంది హాస్టల్ల నా పక్కన ఎవ్వరు కూసుంటలేరు సిస్టర్. అంటుకుంటదంట. అందుకే మందు బాత్రూంల పారబోస్తున్న."

తిడుతుందనుకున్నాను. "దిగు బిడ్డా, కాళ్లు గుంజుతయి" అని మాత్రం అంది ఎస్తేరమ్మ.

మర్నాడు పొద్దున అదే జబ్బుతో ఏడేళ్ల సనా చేరింది. సూది చూడగానే నా కాడను కౌగిలించుకుని ఒకటే ఏడుపు. వాళ్లమ్మ ఎంత లాగినా వదల్లేదు. ఎస్తేరమ్మ కేకేసింది: "హారికా, నీ సూది టైమైంది. ఈడికే రా!"

వార్డంతా ఇటే చూస్తోంది. హారిక ముఖం కందిపోయింది. వెనక్కి తిరిగిపోతుందనే అనుకున్నాను. కానీ వచ్చి నా పలక మీద కూర్చుంది. చొక్కా అంచు కాస్త ఎత్తి, పొట్ట మీద చర్మం పట్టుకుని సూది దింపింది.

"నొస్తదా అక్కా?" అంది సనా వెక్కుతూ.

"అబద్ధమెందుకు, కొంచెం నొస్తది. ఏసుకోకుంటె ఇంకా ఎక్కువ నొస్తది."

సనా ముక్కు తుడుచుకుని చెయ్యి చాపింది.

ఆ తర్వాత ఎస్తేరమ్మ ఒకరోజు సెలవు పెట్టి హాస్టల్‌కు వెళ్లిందట, ఇది అంటురోగం కాదని పిల్లలకు చెప్పిందట. అందరూ నమ్మలేదు, ఇద్దరు నమ్మారు. చెరో పక్కన కూర్చోవడానికి ఇద్దరు చాలు.

ఇప్పుడు నా చోట్లోకి డిజిటల్ మిషన్ వచ్చింది. నేను స్టోరు గదిలో విరిగిన మంచాల మధ్య ఉన్నాను. మిగతా పిల్లల అంకెలన్నీ మరిచిపోయాను గానీ, నన్ను తీసేయడానికి ముందటి వానాకాలం మాత్రం మరవలేదు. రాజవ్వ హారికను పట్టుకుని గబగబా వచ్చింది. ఒళ్లు కాలిపోతున్న ఆ పిల్ల నామీద ఎక్కింది. నలభై రెండు. అంకె చూడకముందే ఎస్తేరమ్మ ముఖం పాలిపోయింది.

"మల్ల షుగరేనా?"

"కాదు సిస్టర్! షుగర్ మంచిగనే ఉన్నది" అంది రాజవ్వ, ముఖమంతా నవ్వుతో. "ఉత్త జరమే! అందరి పిల్లలకు వచ్చినట్టే వచ్చింది!"