శనివారాల కొలకర్ర

లాయరు గదిలో మూడు కుర్చీలున్నాయి. ఒకదాంట్లో కొడుకు, ఇంకోదాంట్లో కోడలు కూర్చున్నారు. కొడుకు తండ్రి, ముసలి వడ్రంగి, మూడోదాన్ని కదిపి చూశాడు. కాలు వదులు. ఎవడో మేకు కొట్టి చేతులు దులుపుకున్నాడు. చంకలో మూరెడు చెక్కబద్దతో ఆయన నిలబడే ఉన్నాడు.

కొడుకూ కోడలూ విడిగా బతుకుతామని ఒప్పందం రాసుకుని రెండేళ్ళయింది. సాక్షి సంతకం ఆయనదే. కోడలూ ఆరేళ్ళ మనవరాలూ ఆయన ఇంట్లోనే ఉంటున్నారు. నాలుగో షరతు ప్రకారం ప్రతి శనివారం తొమ్మిదింటికి తండ్రి వచ్చి పిల్లను తీసుకెళ్ళాలి. ఆ షరతు మార్చాలని ఇద్దరూ అంటున్నారు. ఎలా మార్చాలన్నదే తగువు.

"'వీలున్నప్పుడు' అని ఒక్క మాట చేర్చండి, చాలు," అన్నాడు కొడుకు.

"కుదరదు," అంది కోడలు. "రాలేకపోతే శుక్రవారమే చెప్పాలి. చెప్పకుండా తొమ్మిదిన్నర దాటితే ఆ వారం లేనట్టే."

"ఏదో ఒకటి రెండుసార్లు తప్పింది. దానికింత రాద్ధాంతమా?"

ముసలాయన బద్దను బల్ల మీద పెట్టాడు.

"ఏంటండీ ఇది?" అంది లాయరమ్మ.

"కొలకర్ర. పని దగ్గర కొలతలు దీని మీదే గీసుకుంటాం. ఇవి ఈ ఏడాది శనివారాలు. గీత ఉంటే వీడొచ్చినట్టు. ఇంటూ ఉంటే రానట్టు."

లాయరమ్మ వేలు పెట్టి లెక్కపెట్టింది. గీతలు పదకొండు. ఇంటూలు ఇరవై మూడు.

"బూట్లేసుకుని, సంచీ తగిలించుకుని పిల్ల గుమ్మంలో కూర్చుంటుంది. మధ్యాహ్నం దాకా ఒంటేలుక్కూడా లేవదు, ఈలోగా వీడొచ్చి వెళ్ళిపోతాడేమోనని."

కొడుకు మొహం మాడిపోయింది. "నువ్వు నాకు నాన్నవా, నీ కోడలికి నాన్నవా?"

"ఆస్పత్రిలో మీ అమ్మ కూడా నీకోసం అలాగే తలుపు వంక చూసింది. అప్పుడు గీసిపెట్టలేదు. గీయాల్సింది."

"మామయ్యా, ఇక చాలు," అంది కోడలు మెల్లగా.

"చాలదమ్మా. సంతకం పెట్టమను."

కొడుకు సరేనన్నాడు. పాత వాక్యం కొట్టేసి, కోడలు చెప్పిందే పైన రాశారు. పక్కన ముగ్గురూ పొట్టి సంతకాలు చేయాలి. కొడుకూ కోడలూ చేశారు. ముసలాయన చెవి మీది పెన్సిల్ తీశాడు.

"పెన్నుతో పెట్టాలండీ," అంది లాయరమ్మ.

ఆయన కొడుకు జేబులోంచి పెన్ను లాగి సంతకం పెట్టి, దాన్ని తన జేబులో వేసుకున్నాడు.

ఆ శుక్రవారం ఫోన్ రాలేదు. శనివారం తొమ్మిదిన్నరకు ఆయన రంపం పక్కన పెట్టాడు.

"బూట్లు విప్పెయ్యి తల్లీ. ఇక కూర్చోనక్కర్లేదు."

"నిజంగానా తాతయ్యా?"

"కాగితం మీద రాశాం."

పిల్ల బూట్లు చెరో మూలకీ విసిరేసి పక్కింటికి పరిగెత్తింది. పది నిమిషాలకు కొడుకు దిగాడు, చేతిలో బొమ్మ పెట్టెతో.

"ట్రాఫిక్కు నాన్నా. పదే పది నిమిషాలు."

"ఆడుకోడానికెళ్ళింది."

"పిలువు."

"పిలవను."

"వచ్చాను కదా!"

"వచ్చే శనివారం తొమ్మిదింటికి రా. రాలేకపోతే శుక్రవారమే ఫోన్ చెయ్యి."

కొడుకు ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. ముసలాయన కొలకర్ర తీసి, పెన్సిల్ మొన నాలుకకు తాకించి, నిదానంగా ఇంటూ గీశాడు.