అడగకుండా నిండిన గడి

దగ్గరికి జరగండమ్మా, ఇంకా దగ్గరికి. పనులుంటే పక్కన పెట్టండి, అవి ఎక్కడికీ పోవు, మనకోసమే కాచుకుని ఉంటాయి. గౌరీశ్వరి సంగతి చెబుతాను. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని, కంప్యూటరుని దూరం నుంచి చూడటమే తప్ప ముట్టుకున్నది లేదు. కానీ ఆమె నా మంచం మీద కూర్చుని నాలుగుసార్లు చెప్పింది. నాలుగుసార్లూ ఒక్కలాగే చెప్పింది. అందుకని ఆమె నింపే ఫారంలో ప్రతి గడీ నాకు గుర్తుండిపోయింది.

గౌరీశ్వరిది ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పేర్లు రాసే కౌంటరు. పోర్టుకీ ఉక్కు ఫ్యాక్టరీకీ మనుషుల్ని పంపే కాంట్రాక్టు కంపెనీలు తమ పనివాళ్ల కుటుంబాలను ఆ ఆసుపత్రికే పంపుతాయి. అద్దానికి అటువైపు ఆడవాళ్ల వరస, ఇటువైపు ఈమె. ఒక్కో మనిషికి ఫారంలో ఇరవై రెండు గడులు. పేరు, వయసు, ఇల్లు, వీధి, ఫోను, ఎవరి తాలూకు, కబురు ఎవరికి చెప్పాలి, అన్నీ వేలితో కొట్టాల్సిందే. వేళ్లు పీకేవి. అయినా ఆమె దిగులు వేళ్ల గురించి కాదు, ఐదున్నర బస్సు గురించి. అది తప్పితే ఉక్కునగరం చేరేసరికి ఏడు దాటుతుంది. ఆరున్నరకి మామగారికి సుగరు ఇంజక్షను చేసి అన్నం పెట్టాలి. ఆ సూది గుచ్చడం ఇంట్లో ఇంకెవరికీ రాదు. రాదంటే, నేర్చుకోరు. ఆలస్యమైన రోజున మొగుడు మోహన్ గుమ్మంలోనే నిలబడేవాడు. "మీ ఆసుపత్రోళ్లకి గడియారం నేదేటే? ముసిలాయన ఆకలితో సచ్చిపోతే మీ కంప్యూటరొచ్చి మోస్తాదేటి?" అనేవాడు. అదే సూది తన చేతిలోనూ పట్టుకోవచ్చన్న ఆలోచన ఆ మనిషికి పన్నెండేళ్ల కాపురంలో ఒక్కసారీ రాలేదు.

అలా బస్సు కోసం వెతుక్కుంటూ ఆమె ఒక దారి కనిపెట్టింది. కంపెనీలు పంపిన జాబితాలో పనివాళ్ల వివరాలన్నీ ముందే ఉన్నాయి కదా, మొగుడి కార్డు నంబరు కొట్టగానే భార్య ఫారంలోకి ఆ వివరాలు వాటంతట అవే వచ్చి పడితే? మూడు వారాలు భోజనం వేళ డబ్బా ముందు పెట్టుకుని, ఒక చేత్తో తింటూ ఒక చేత్తో కొడుతూ, ఆ జాబితాకీ ఈ ఫారానికీ ముడి వేసింది. అంతటితో ఆగలేదు. నిండిన గడి దగ్గర వేలు నిలవకుండా, నేరుగా ఖాళీ గడి మీదికే దూకేలా పెట్టింది. ఇరవై రెండింటిలో పద్దెనిమిది వాటంతట అవే నిండేవి. అడగాల్సినవి నాలుగే మిగిలాయి. పేరు, వయసు, ఏ డాక్టరు, ఏం బాధ.

వారం రోజులు ఐదున్నర బస్సు దొరికింది. కిటికీ పక్క సీటు కూడా దొరికిందని చెప్పి నవ్వింది, పిచ్చిది. ఎనిమిదో రోజు సూపర్‌వైజరు తిరుమలరావు మీటింగులో "మా సెక్షన్ ఐడియా సార్" అని తన గొప్పగా చెప్పుకున్నాడు. తొమ్మిదో రోజు పక్క కౌంటరు మూసేసి, ఆ పిల్ల పుష్పని మందుల దుకాణంలోకి మార్చి, ఆ వరస కూడా గౌరీశ్వరి ముందుకే మళ్లించాడు. "మీకిప్పుడు పనేముంది గౌరి గారూ, అన్నీ అవే నిండిపోతున్నాయి కదా!" బస్సు మళ్లీ తప్పడం మొదలైంది. ఇంటికొచ్చి చెబితే మోహన్ పెద్దగా నవ్వాడు. "దానంతటదే నిండిపోతంటే నీకెందుకే జీతం?" ఆమె పళ్లెం కడిగి బోర్లించింది. ఇంట్లోనూ అంతేగా. స్నానాల గది తలుపు మీద తువ్వాలు, కుడిచేతి పక్కన నీళ్లగ్లాసు, షిఫ్టుకి పోయేటప్పుడు సంచిలో డబ్బా, అన్నీ ఎవరూ అడక్కముందే వచ్చి కూర్చుంటాయి. నిండి ఉన్నచోట ఎవరి చూపూ ఆగదు.

అప్పుడొచ్చింది ఆశాజ్యోతి. ఇరవై ఐదేళ్ల పిల్ల, పోర్టులో క్రేను నడిపే ఎడ్వర్డ్ భార్య. చంకలో ఒకటి, చేతికి ఒకటి, ఇద్దరూ ఆడపిల్లలే. రెండో కాన్పులో గుండె కవాటం చెడిందని తేలింది. మళ్లీ కడుపొస్తే బతకవని పెద్ద డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. ఇంట్లో మాత్రం మొగుడికీ అత్తకీ మగపిల్లాడు కావాలి. ఆ పిల్ల అద్దం కన్నానికి నోరు ఆనించి, "అక్కా, లూపు ఏయించుకోడానికొచ్చాను. ఇంట్లో తెలీదు. సర్చికని సెప్పొచ్చాను" అంది. "లోపల డాక్టరు గారు ఎవరికీ చెప్పరులేమ్మా" అంది గౌరీశ్వరి. నిజమే, డాక్టరు చెప్పలేదు. గౌరీశ్వరి కార్డు నంబరు కొట్టింది, గడులు నిండాయి, వేలు ఖాళీ గడుల మీదికి దూకింది. పేరు, వయసు, ఏ డాక్టరు, ఏం బాధ. నిమిషం కూడా పట్టలేదు. ఆ పిల్ల "బేగి అయిపోనాదే!" అని మెచ్చుకుని లోపలికెళ్లింది.

ఐదు నెలల తర్వాత ఆశాజ్యోతి మళ్లీ వరసలో నిలబడింది. కాళ్లు వాచిపోయి చెప్పుల్లో పట్టడం లేదు, నాలుగు మాటలకోసారి ఆయాసం. ఏం బాధని అడిగితే కొంగు పక్కకి తీసి కడుపు చూపించింది. గౌరీశ్వరి అద్దం కన్నం దగ్గరికి వంగింది. "అదేంటమ్మా, లూపు..."

"తీయించీసినారక్కా. నానింటికెళ్లీసరికే ఆయన సేతిలో ఫోనుంది. 'లూపు వేయబడినది, ఫలానా తారీకున చూపించుకోండి' అని ఈ ఆసుపత్రి నుంచే మెసేజి. నా పేరుతోటే. మా అత్త నన్ను వేరే నర్సింగోముకి లాక్కెళ్లింది." కాసేపు ఊపిరి తీసుకుంది. "నా కాడ సిన్న ఫోనొకటుందక్కా, మాయమ్మ కొనిచ్చింది. మీరు నంబరు అడగనేదు."

తిట్టలేదమ్మా ఆ పిల్ల. తిట్టి ఉంటే గౌరీశ్వరి బతికిపోయేది. ఆ సాయంత్రం వరస తగ్గాక ఆ పేజీ తెరిచి చూసుకుంది. ఫోను గడిలో ఎడ్వర్డ్ నంబరు. కబురు ఎవరికి చెప్పాలన్న గడిలోనూ ఎడ్వర్డే. తన వేలు ఆ గడి మీద క్షణం ఆగి ఉంటే ఆ నంబరు నీదేనా అని నోరు అడిగేది. ఇదివరకు అలాగే అడిగేది. ఆ ఆగడాన్ని తీసేసింది తనే. మరి ఎందుకు తీసేసింది? బస్సు కోసం. బస్సు ఎందుకు? ఒక సూది కోసం. ఎవరో నేర్చుకోని పని ఒకటి తిరిగి తిరిగి ఎవరి మెడకి చుట్టుకుందో చూడండి.

మర్నాడు తిరుమలరావు దగ్గరికెళ్లి, ఫోను గడి ఒక్కటి ఖాళీగా ఉంచుదామని, ఆడవాళ్లని అడిగి రాద్దామని అంది. ఆయన కంప్యూటరు నుంచి తల తిప్పలేదు. "మొగుడి నంబరు మొగుడి నంబరే కదండీ, తప్పు నంబరు కాదుగా. వరస బయటిదాకా పెరిగితే మీరొచ్చి సమాధానం చెబుతారా?" మోహన్‌తో అంటే, "మొగుడికి తెలీకుండా అలాటియి సేసినోళ్లదే తప్పు. నువ్వెందుకే ఏడుత్తావు? సారు కారమైపోనాది సూడు" అన్నాడు. ఆమె చారులో నీళ్లు పోసింది. ఆ తర్వాత రోజు కూడా కౌంటరులో కూర్చుంది. ఆ తర్వాత రోజు కూడా. ఈ ముక్క చెప్పేటప్పుడే ఆమె నా వైపు చూసేది కాదు. "ఉద్యోగం పోతుందని భయపడ్డాను అమ్మమ్మా, కూర్చున్నాను" అనేది. రోజుకి ఎనభై మంది ఆడవాళ్ల మాట వాళ్ల మొగుళ్ల జేబుల్లో పడుతోందని తెలిసీ కూర్చుంది.

ఎనిమిదో నెలలో ఆశాజ్యోతిని అంబులెన్సులో తెచ్చారు. బిడ్డా దక్కలేదు, తల్లీ దక్కలేదు. పోయినవాళ్ల ఫారం కూడా ఆ కౌంటరులోనే. గౌరీశ్వరి కార్డు నంబరు కొట్టింది. ఇల్లు, వీధి, ఎవరి తాలూకు, కబురు ఎవరికి చెప్పాలి, అన్నీ గబగబా వచ్చి కూర్చున్నాయి. పాత పేజీలోంచి పేరూ వయసూ కూడా వచ్చేశాయి. వేలు రెండే గడుల మీద ఆగింది. తారీకు. టైము. మనిషి పోవడానికి ఇరవై ఐదేళ్లు పట్టింది, రాయడానికి అరనిమిషం.

పది రోజులకి ఆ పిల్ల తల్లి ఆరోగ్యమ్మ వచ్చింది. భీమిలి నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. ఎండుచేపలమ్ముకునే మనిషి. "మా గుంట, నా కూతురి కాగితాలు ఏటైనా ఉంటే ఇప్పించమ్మా. ఆళ్లు నాకు మొకం సూపించి తీసుకుపోనారు. నా కాడ ఏటీ నేదు" అంది. గౌరీశ్వరి పేజీ తెరిచింది. ఇరవై రెండు గడుల్లో ఎక్కడా ఆరోగ్యమ్మ పేరు లేదు. అడిగే గడే లేదు. ఇస్తే భర్తకే కాగితం ఇవ్వాలి. వెనక వరసలో ముప్పై మంది. తిరుమలరావు దూరం నుంచి చేత్తో కానివ్వమని సైగ చేస్తున్నాడు.

గౌరీశ్వరి కుర్చీలోంచి లేచింది. తలుపు తీసుకుని అద్దానికి అవతలికి, ఆడవాళ్ల వైపుకి వచ్చింది.

"అమ్మా, లూపు సంగతి మీ అల్లుడికి చెప్పింది నేనే. ఈ ఫారం ఇలా కట్టింది నేను. మీ అమ్మాయి నంబరు అడగకుండా కట్టాను. అడిగుంటే చెప్పేది."

ఆరోగ్యమ్మ చెయ్యెత్తింది. కొడుతుందనే అనుకున్నారు అందరూ. ఆ చెయ్యి గాలిలోనే కాసేపుండి, వచ్చి గౌరీశ్వరి జబ్బ పట్టుకుంది, ఊడిపోయేంత గట్టిగా.

"అయితే ఇప్పుడడుగు" అంది ఆ తల్లి. "మొగుడి సంగతి కాదు, నా గుంట సంగతి నన్నడుగు. అడిగి రాయ్."

గౌరీశ్వరి ఒక తెల్లకాగితం తీసుకుని బెంచీ మీద ఆమె పక్కన కూర్చుంది. "ఇంట్లో ఏమని పిలిచేవారు?" "బుజ్జమ్మ." "ఏమిష్టం?" "సేపలమ్ముకునేదాని కూతురు, సేప ముట్టదు! ఉల్లిపాయేసిన పప్పు ఒక్కటే." "దేనికి భయపడేది?" "సీకటికి కూడా బయపడేది కాదమ్మా. ఆ ఇంటికెళ్లాకే నేర్సుకుంది" అంది. "ఏం కావాలనేది?" "ఇద్దరు పిల్లల్నీ పెంచుకుని బతకాలనేది. అంతే. మరేటీ అడగనేదు." వరసలో ఒకామె అరిచింది, తిరుమలరావు వచ్చి కేకలేశాడు, గౌరీశ్వరి రాస్తూనే ఉంది. కాగితం రెండువైపులా నిండింది. అడుగున తన పేరు పెట్టి ఆరోగ్యమ్మ చేతిలో పెట్టింది. ఆ కాగితం ఏ ఆఫీసులోనూ చెల్లదు. ఆ సాయంత్రమే గౌరీశ్వరి ఉద్యోగం పోయింది. ఆ ముడి మాత్రం ఇవాళ్టికీ అలాగే ఉంది. ఆ కుర్చీలో వేరే పిల్ల కూర్చుంది, గడులు నిండుతూనే ఉన్నాయి.

అందుకే చెబుతున్నానమ్మా. నాకు రాయడం రాదు, నా తర్వాత ఈ మాట ఎక్కడా ఉండదు. ఉక్కునగరంలో చెప్పండి, బస్సులో పక్కన కూర్చున్నదానికి చెప్పండి, కౌంటరు వెనక కూర్చునే ఆడపిల్ల కనిపిస్తే ఆగి మరీ చెప్పండి. ఆశాజ్యోతి అని కాదు, వాళ్లమ్మ చెప్పినట్టు, బుజ్జమ్మ అని చెప్పండి.