లిడియమ్మ వద్దన్న బియ్యం

పెదకాకాని దాటి మిరప చేలలోకి వెళ్తే వచ్చే ఆ పల్లె క్రైస్తవ పేటలో, ఏ ఇల్లాలైనా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. అది దేవుడి గుప్పెడు. ఆదివారం ఆ బియ్యమంతా గుడికి చేరుతుంది. అక్కడ బైబిలు స్త్రీగా, ఇంటింటికీ తిరిగి వాక్యం చెబుతూ ప్రార్థనలు చేస్తూ, సేవ చేస్తున్న లిడియాకు వారమంతా ఆ బియ్యమే తిండి. అది దయాధర్మం కాదు, సేవ చేసే మనిషిగా ఆమె హక్కు.

లిడియా గుంటూరు బ్రాడీపేటలో పెరిగింది. వచ్చిన సంబంధాలు కాదని, టీచరు ఉద్యోగం మానేసి ఈ పేటకు వచ్చింది. వదులుకోవడం ఆమెకు బాగా అలవాటైన విద్య. అందులో కాస్త గర్వం కూడా ఉండేదని చెప్పకపోతే అబద్ధమవుతుంది.

ఈ ఏడు మిరపకు నల్ల తామర పురుగు పట్టి పనులు తగ్గిపోయాయి. పని దొరకని ఇళ్ల నుంచి కూడా గుప్పెడు వస్తూనే ఉంటే లిడియాకు ముద్ద దిగలేదు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక లేచి నిలబడింది.

"ఇక నాకు బియ్యం తేవద్దు. మీతోపాటే కూలికొస్తాను. నా తిండి నేను సంపాదించుకుంటాను."

ఎవరూ మాట్లాడలేదు. ఆ మౌనాన్ని ఆమె కృతజ్ఞత అనుకుంది. మంచిపని చేశామన్న సంబరంలో ఎదుటివాళ్ల మొహాలు సరిగ్గా కనపడవు కదా!

మర్నాటి నుంచి కాయలు కోసింది. చేతులు భగ్గుమన్నా కిమ్మనలేదు. మధ్యాహ్నం ఆడవాళ్లంతా గట్టు మీద చేరి ఒకరి కూర ఒకరికి వడ్డించుకునేవాళ్లు. ఆమె క్యారేజీలోకి ఒక్క ముక్క కూడా వచ్చేది కాదు. ఇదివరకు సాయంత్రమైతే ఎవరో ఒకరు పచ్చడి పట్టుకొచ్చి, పిల్లల జ్వరాలూ మొగుడితో తగువులూ చెప్పుకుని వెళ్లేవాళ్లు. ఇప్పుడు ఆ గుమ్మం తొక్కేవాళ్లు లేరు. ఒంటికాయ శొంఠికొమ్ములా వండుకుని, గోడకేసి చూస్తూ తినేది. వద్దనుకున్న పెళ్లి గురించి ఏనాడూ ఏడవని మనిషి, కంచం ముందు కూర్చుని ఏడ్చింది.

పేట మొదట్లో ఉండే ముసలి రెబ్కా మంచాన పడిందని తెలిసి ఒక సాయంత్రం చూడబోయింది. ప్రార్థన చెయ్యనా అంటే రెబ్కా తల అడ్డంగా ఊపింది.

"వొద్దులెండి అమ్మగారూ. మా గింజ ముట్టనోళ్ల చేత ప్రార్థన ఏ మొహంతో చేయించుకోమంటారు?"

"మీకు బరువు కాకూడదనే కదా పెద్దమ్మా..."

"బరువని మేం చెప్పామా?" రెబ్కా లేచి కూర్చుంది. "ఊళ్లో పెద్దోళ్లు నా చేతి మంచినీళ్లు కూడా తాగరు. పుట్టినకాణ్ణుంచీ చూస్తన్నా. మీరు మా బియ్యం వండుకు తింటంటే, హమ్మయ్య, మా గింజ తినే మనిషి ఒకరొచ్చారనుకున్నాం. ఆఖరికి మీరూ వొద్దన్నారు."

లిడియా ఇన్నాళ్లూ బియ్యం తీసుకోవడం తన హక్కు కాబట్టి వదిలేయవచ్చనుకుంది. పెట్టడం వాళ్ల హక్కని ఆమెకు తట్టనే లేదు. ఇప్పుడు చెయ్యి చాచాలి. ఇన్నేళ్లలో ఏది వదులుకోవడమూ ఇంత కష్టమనిపించలేదు.

"ఆకలేస్తోంది పెద్దమ్మా. అన్నముందా?"

రెబ్కా ఆమె మొహంలోకి చూసింది. "పొద్దుటిది. గోంగూర పచ్చడి తప్ప ఏం లేదు."

"పెట్టు."

ముసలామె గోడ పట్టుకుని లేచింది. సాయం చెయ్యబోయి లిడియా ఆగిపోయింది. రెబ్కాయే వడ్డించింది, తింటున్నంతసేపూ కళ్లప్పగించి చూసింది. తర్వాత కొంగు నెత్తిన వేసుకుని, "ఇప్పుడు చెయ్యండి ప్రార్థన" అని కళ్లు మూసుకుంది.

లిడియా ఖాళీ కంచం ముందే తల వంచుకుంది. రెబ్కాయే మొదలుపెట్టింది.

"నాయనా, ఈ పిల్ల ఇన్నాళ్లూ ఒక్కతే తింది. మేం చూళ్లేదు, నువ్వైనా చూసుంటావు."