రెండు మణుగుల తరుగు

కడపలో ఒకప్పుడు నీలిమందు వ్యాపారం చేసిన షావుకార్ల ఇంట్లో కంబన్న నలభై రెండేళ్లు గుమాస్తాగా పనిచేశాడు. పని మానేశాక కూడా పొద్దున్నే వచ్చి ఆ ఇంటి అరుగు మీద కూర్చునే ఆయనకు ముసలితనంలో ఒక శిష్యుడు దొరికాడు. పేరు లేవి. మద్రాసులో ఎం.ఏ. చదివి, వందేళ్ల కిందట మనవాళ్లు పద్దులు ఎలా రాసేవారో పరిశోధిస్తున్నాడు.

"చచ్చిపోయినోళ్ల లెక్కలు చూసేదానికి గూడా జీతమిస్తారా అప్పా?" అని మొదటిరోజు కంబన్న నోరు వెళ్లబెట్టాడు.

ఇచ్చేది ఒక్క ఏడాదికే. రెండో ఏడు కూడా ఇవ్వాలంటే లేవి ఏదో ఒక కొత్త సంగతి కనిపెట్టి చూపించాలి. చెదలు తినగా మిగిలిన ఒక్క పద్దుల పుస్తకాన్ని అటక మీది నుంచి దించి, అందులోని గొలుసుకట్టు రాత చదవడం కంబన్నే నేర్పాడు. తప్పు చదివితే తొడపాశం పెట్టినంత పని చేసేవాడు.

మూడు నెలలకు లేవి ఒక పేజీ దగ్గర ఎగిరి గంతేశాడు. "తాతా, దొరికింది! నా పనంతా ఈ పేజీలోనే ఉండాది. మా ప్రొఫెసరు రానీ, ఆయన ముందర చెప్తా."

ప్రొఫెసరు వచ్చే రోజు లేవి రైలు స్టేషనుకు పోయాడు. ఊరికే కూర్చోలేని కంబన్న ఆ పేజీలోని అంకెలు కూడి చూశాడు. వరసలో ఉన్న నీలిమందు కూడితే నలభై మణుగులు. కింద వేసిన మొత్తం ముప్పై ఎనిమిది! మద్రాసు పెద్దమనిషి ఇది చూస్తే ఇంకేమైనా ఉందా? ఉప్పు తిన్న ఇంటి పరువు, పాపం ఆ పిల్లవాడి జీతం, రెండూ గంగలో కలుస్తాయి. చాకుమొనతో అంకె గీకి, కాటుక సిరా కలిపి, పాతకాలపు రాతలోనే నలభై అని దిద్ది, ఊది ఆరబెట్టి, మీసం దువ్వుకున్నాడు మహానుభావుడు.

ప్రొఫెసరు వచ్చి కళ్లద్దాలు తుడుచుకుని కూర్చున్నారు. లేవి ఉత్సాహంగా పేజీ తీశాడు. "నీలిమందు ఆరితే తూకం తగ్గుతుంది సార్. నూటికి అయిదు లెక్కన ఆ తరుగును మనసులోనే తీసేసి మొత్తం వేశారు. చూడండి, వచ్చింది నలభై, మొత్తం..." అని వేలు పెట్టి ఆగిపోయాడు.

"నలభై," అన్నారు ప్రొఫెసరు పొడిగా. "ఊహలకు వేతనం ఇవ్వరు, లేవీ."

లేవి మొహంలో నెత్తురు చుక్క లేదు. కంబన్నకు తను చేసిన పని అప్పుడు అర్థమైంది. నీలిమందు వ్యాపారం ఆయన కొలువులో చేరక ముందే మునిగిపోయింది. అది ఆరే సరుకని ఆయనకేం తెలుసు! నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ తన అతితెలివికి పిల్లవాడు బలైపోతుంటే చూస్తూ కూర్చోలేకపోయాడు.

"సామీ, నేనే దిద్దినా. ముప్పై ఎనిమిదే ఉన్నింది."

ప్రొఫెసరు నమ్మలేదు. "శిష్యుడి కోసం అబద్ధమాడుతున్నారు. ఇది వందేళ్ల నాటి రాత."

మెచ్చుకున్నారో తిట్టారో తెలియకపోయినా కంబన్నకు రోషం వచ్చింది. సిరా ముందుకు లాక్కుని ఆ పేజీని మొదటి నుంచి చివరిదాకా చిత్తుకాగితం మీదికి అదే పాతరాతలో టకటకా దించేశాడు. ప్రొఫెసరు రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూశారు. తర్వాత పుస్తకంలోని పేజీని వెలుతురుకు ఎత్తి పట్టారు. గీకిన చోట పాత అంకె ఛాయ ఇంకా ఉంది. అప్పుడు నవ్వారు.

"రెండో ఏడు వేతనానికి రాస్తాను. కానీ జరిగింది ఆ పక్కనే మీ చేత్తో రాసి సంతకం పెట్టండి."

కంబన్న రాశాడు: "ఈ లెక్క చెరిపి దిద్దినది నేను. తప్పు నాది. కంబన్న." సిరా ఆరేదాకా దాన్నే చూస్తూ ఉండిపోయాడు. అన్నేళ్లు ఈ ఇంటి పుస్తకాలు రాసినా, వాటిలో షావుకార్ల పేర్లే గానీ ఆయన పేరు ఒక్కసారీ లేదు.

"ఏం తాతా, ఏడుస్తాండావా?" అన్నాడు లేవి.

"లేదప్పా. నువ్వు రాసే పుస్తకంలో గూడా నా పేరు ఎక్కుతాదా?"

"ఎక్కుతాది. తప్పు సంగతి మాత్రం తీసేస్తాలే."

"తీసేయొద్దు!" అన్నాడు కంబన్న కంగారుగా. "అది లేకుంటే నా పేరు యాడ రాస్తావు?"